కాలువ పడవలో కుటుంబంతో వారాంతం: కొనుక్కోవాలా, అద్దెకు తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నారు. ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు. ఏప్రిల్‌లో కోనసీమ నుంచి మీ అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు ఉంటారు. ఊళ్లో కాలువ వెంట వెళ్లే పొడవాటి పడవలను చూసి, శని, ఆదివారాలు అందరూ కలిసి అలాంటిదాంట్లో ఉంటే బాగుండునని మీకూ మీ ఆవిడకూ అనిపించింది. కొనుక్కోవడం మేలా, అద్దెకు తీసుకోవడం మేలా? ఎవరికీ ఈత రాదు, ప్రమాదమా? మన వంట, మన స్నానాలు అందులో సాగుతాయా?

సూటిగా చెబుతాను. ఈ ఏడాది కొనకండి, అద్దెకు తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం పడవ ఎక్కి సోమవారం ఉదయం అప్పగించే మూడు రాత్రుల అద్దె దాదాపు ప్రతి పడవల కంపెనీలోనూ దొరుకుతుంది. నడపడానికి ఎలాంటి లైసెన్సూ అక్కర్లేదు, వాళ్లే గంటసేపు నేర్పి పంపుతారు. ఈత రాకపోవడం అడ్డంకి కాదు, అయితే కొన్ని నియమాలు కచ్చితంగా పాటించాలి. వంట బాగానే సాగుతుంది. స్నానాలకు, మరుగుదొడ్డికి మాత్రం ముందుగా ఆలోచించుకోవాలి. ఇక అన్నిటికంటే ముఖ్యం, రోజుకు నాలుగు గంటలకు మించి పడవ నడపకండి. మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

నేను నార్తాంప్టన్‌షైర్‌లో బ్రాన్‌స్టన్ దగ్గర పడవ కట్టుకుంటాను. చాలా ఏళ్లుగా మా ఇంటిల్లిపాదికీ వారాంతమంటే అదే. కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలకు దగ్గరుండి నేర్పడం కూడా అలవాటైంది. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవంతోనే.

నాలుగు గంటల లెక్క ఎందుకంటే

కాలువల మీద గరిష్ఠ వేగం గంటకు 4 మైళ్లు. గట్టున కట్టి ఉన్న పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు ఇంకా బాగా తగ్గించాలి. లేకపోతే మీరు లేపిన అలకు వాళ్లు పడవ కట్టిన మేకులు ఊడివస్తాయి, లోపల పొయ్యి మీది గిన్నె ఒలుకుతుంది. సగటున గంటకు 3 మైళ్లు సాగితే గొప్ప. పడవ నడిపేవాళ్లు మైళ్లనూ లాకులనూ (పడవను పైకి ఎత్తే, కిందికి దింపే నీటి గదులు) కలిపి మూడుతో భాగిస్తారు, వచ్చినన్ని గంటలు పడుతుందని అంచనా. అంటే 6 మైళ్లు, 6 లాకులు ఉన్న దారికి నాలుగు గంటలు. కారులో అయితే పది నిమిషాల దూరం. మొదటిసారి వచ్చేవాళ్లు ఈ లెక్కను నమ్మరు. మ్యాపు ముందు పెట్టుకుని, "ఇంత దగ్గరే కదా, వార్విక్ దాకా వెళ్లివద్దాం" అనుకుంటారు.

నాకు తెలిసిన ఒక కుటుంబం సరిగ్గా అలాగే బయలుదేరింది. హ్యాటన్ దగ్గర రెండు మైళ్లలోపే 21 లాకులున్నాయి. శనివారం అవన్నీ దిగి, ఆదివారం మళ్లీ ఎక్కి రావాలని వాళ్ల పథకం. ఇంటాయన, ఆయన తమ్ముడు పొద్దుటి నుంచి లాకు తలుపులు తోస్తూనే ఉన్నారు. పిల్లలను "లోపల కూర్చోండి, బయటికి రావద్దు" అని అరవడంతోనే సరిపోయింది. ఇంటావిడేమో ఊగే పడవలో, రెండు మీటర్ల వంటింట్లో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, మధ్యలో అందరికీ టీలు. కిటికీలోంచి ఆవిడకు రోజంతా కనిపించింది లాకుల గోడలే. ఆదివారం రాత్రి, "ఇక నన్ను పిలవకండి, ఇంట్లో అయితే కనీసం గిన్నెలు తోమే మెషీనైనా ఉంది" అని తేల్చి చెప్పారట.

మరుసటి ఏడాది అదే కుటుంబానికి నేను వేరే దారి రాసిచ్చాను. రోజుకు మూడు గంటలే ప్రయాణం, మధ్యాహ్నం రెండింటికల్లా పడవ కట్టేయాలి, వంట ఇంటి నుంచే తెచ్చుకోవాలి, పడవ కదులుతున్నప్పుడు పొయ్యి వెలిగించకూడదు. ఈసారి చుక్కాని ఎక్కువసేపు పట్టుకున్నది ఆవిడే. ఇప్పుడు ప్రతి మే నెలలోనూ పడవ కోసం ముందుగా ఫోను చేసేదీ ఆవిడే. సెలవు ఇంట్లో అందరికీ సెలవు కావాలి. పడవను ప్రయాణ సాధనంగా చూస్తే ఒకరో ఇద్దరో దానికి చాకిరీ చేయాల్సి వస్తుంది. నీటి మీద కట్టిన ఇల్లుగా చూస్తే అందరూ కూర్చుంటారు.

లాకులు, మీ నాన్నగారు

మీ నాన్నగారిది కోనసీమ అని రాశారు. అలాగైతే లాకు గురించి ఆయనకు మీరు చెప్పనక్కర్లేదు, ఆయనే మీకు చెబుతారు. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే ఆ కాలువల మీద లాకులు వచ్చాయి. ఇక్కడి లాకుల పద్ధతీ అదే. రెండు జతల తలుపులు, మధ్యలో గది, గదిలోకి నీళ్లు వదిలితే పడవ పైకి లేస్తుంది, తీసేస్తే కిందికి దిగుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ చాలాచోట్ల లాకు కాపరి ఉండడు. మీరే తలుపులు తెరవాలి, మీరే మూయాలి.

మా మామగారు కాకినాడ కాలువ గట్టున పెరిగినవారు. స్టోక్ బ్రూర్న్ దగ్గర మొదటిసారి లాకు చూసినప్పుడు ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆ పొడవాటి తలుపు దూలానికి వీపు ఆనించి, మడమలు ఇటుకల వరుసలో తన్నిపెట్టి నిలబడ్డారు. నేను తూములు ఎత్తాను. గదిలో నీళ్లు సుడులు తిరుగుతూ నెమ్మదిగా పైకి వచ్చాయి. ఆయన తొందరపడలేదు. రెండువైపులా నీటిమట్టం ఒక్కటయ్యేదాకా తలుపు ఎంత తోసినా కదలదని ఆయనకు తెలుసు. నీళ్లు సమానం కాగానే ఆ బరువైన తలుపు దానంతటదే ఒక అంగుళం వదులైంది. అప్పుడు వెనక్కి నాలుగడుగులు నడిచారు, అంతే, తెరుచుకుంది. ఆ పక్కనే నిలబడి చూస్తున్న ఇంగ్లిషు పెద్దాయన ఇంతకుముందు ఎక్కడ పనిచేశారని అడిగారు. "గోదావరి మీద" అన్నారు మా మామగారు. ఆ రోజంతా మళ్లీ ఆయన చేతిలోంచి తూములు ఎత్తే లాకు పిడి ఎవరూ తీసుకోలేకపోయారు.

ఇక్కడికి వచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని మనం ఆఫీసు నుంచి ఎప్పుడొస్తామా అని చూస్తుంటారు. వాళ్లకు తెలిసిన పని ఒకటి ఇక్కడ దొరకడం చిన్న విషయం కాదు. మీ నాన్నగారికి తప్పకుండా చూపించండి.

ఈత రాకపోతే

కాలువల్లో చాలాచోట్ల లోతు నాలుగైదు అడుగులకు మించదు. పెద్దవాళ్లు పడితే లేచి నిలబడవచ్చు. లాకు గది సంగతి వేరు, అక్కడ లోతు ఎక్కువ, గోడలు జారుడు, నీటి ఉద్ధృతి ఎక్కువ. పిల్లలకు లైఫ్ జాకెట్లు కంపెనీయే ఇస్తుంది, పడవ దగ్గరకు రాగానే తొడిగించి తూచినట్టు సరిపోయిందో లేదో చూసుకోండి. బయట ఉన్నంతసేపూ పిల్లల ఒంటి మీద అది ఉండాలి, కట్టి ఉన్న పడవ మీదైనా సరే. ఈత రాని పెద్దలు కూడా లాకుల దగ్గర వేసుకోవడం మంచిది, ఇందులో మొహమాటం వద్దు.

నిజానికి కాలువల మీద భయపడాల్సింది నీళ్లకు మాత్రమే కాదు, పడవ బరువుకు కూడా. ఇది ఉక్కు పడవ, పదిహేను టన్నులకు పైనే ఉంటుంది. నెమ్మదిగా కదులుతోంది కదా అని గోడకు తగలకుండా కాలో చెయ్యో అడ్డం పెడితే ఎముక నుజ్జవుతుంది. పడవ తగిలితే తగలనివ్వండి, రంగు పోతుంది, అంతే. పాపకూ బాబుకూ బయలుదేరేముందే ఇది చెప్పి, వాళ్ల నోటితో తిరిగి చెప్పించండి. వంతెనల కింద కప్పు మీద ఎవరూ కూర్చోకూడదు. లాకు దగ్గర పరుగెత్తకూడదు. లాకు పిడిని తిప్పి ఊరికే వదిలేయకూడదు, తూము జారితే అది గిర్రున తిరిగి మొహానికి తగులుతుంది.

లాకులో కిందికి దిగేటప్పుడు ఒక్క సంగతి ప్రాణంతో సమానం. పై తలుపుల కింద గదిలోకి పొడుచుకొచ్చిన గడప ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు అది నీళ్ల కింద కనిపించదు. నీళ్లు దిగుతుంటే పడవ వెనక భాగం దాని మీద ఆగిపోయి, ముందు భాగం కిందికి వెళ్లి పడవ మునిగిపోగలదు. అందుకే గోడ మీద తెల్లగీత గీసి ఉంటుంది. పడవ వెనక కొన ఆ గీతకు ముందే ఉండేలా ఒకరు చుక్కాని దగ్గర నిలబడి కనిపెట్టుకోవాలి. ఏదైనా తేడా కనిపిస్తే వెంటనే తూములు మూయమని కేకవేయాలి. అన్ని పనులూ ఆపి చూడాల్సిన సమయం అది, ఫోనులో ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు.

ఎవరైనా నీళ్లలో పడితే ముందు ఇంజిన్ గేరు తీసేయండి, నీళ్ల కింద పడవను నెట్టే పంకా తిరగడం ఆగాలి. ఆ తర్వాతే తాడు విసరడం, పైకి లాగడం. చుక్కాని పట్టుకున్నవాళ్లు దాని ఊపు పరిధిలో నిలబడకూడదు. వెనక్కి వెళ్లేటప్పుడు చుక్కాని దేనికైనా తగిలితే అది మనిషిని పక్కకు నెట్టేస్తుంది. పంకాకు చీర కొంగు, ప్లాస్టిక్ సంచి, తాడు లాంటివి చుట్టుకోవడం మామూలే. దాన్ని తీయడానికి పైనుంచి మూత ఉంటుంది. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే అందులో చెయ్యి పెట్టాలి, మళ్లీ ఆ మూత బిగించకుండా ఇంజిన్ వేయకూడదు. కాలువ నీళ్లు తగిలిన చేతులతో అన్నం తినకండి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు ఆ నీళ్లలో ఉండే అవకాశముంది. సబ్బుతో కడుక్కుంటే చాలు.

నీళ్లు, స్నానం, మరుగుదొడ్డి

ఇక్కడి మార్గదర్శక పుస్తకాల్లో మనకు కావలసినవి ఉండవు, కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను.

అద్దె పడవల్లో రెండు రకాల మరుగుదొడ్లు ఉంటాయి. ఒకదానిలో చిన్న పెట్టె నిండితే మనమే మోసుకెళ్లి ఖాళీ చేయాలి. అందులో పట్టేది ఇరవై లీటర్ల చిల్లర. మనం నీళ్లు వాడతాం, ఆరుగురు మనుషులు, కాబట్టి అది రోజు గడవకముందే నిండుతుంది. రెండోదానిలో పడవ కింద పెద్ద ట్యాంకు ఉంటుంది, చివర్లో కంపెనీవాళ్లే యంత్రంతో తోడేస్తారు. మన కుటుంబాలకు పెద్ద ట్యాంకు ఉన్న పడవే కావాలి. బుక్ చేసేటప్పుడే ఈ ప్రశ్న అడగండి. ఒక చిన్న చెంబు తీసుకెళ్లి, ఎంత అవసరమో అంతే వాడమని అందరికీ చెప్పండి.

మంచినీళ్ల ట్యాంకులో మామూలుగా కొన్ని వందల లీటర్లు పడతాయి. ఆరుగురుంటే రోజూ నింపుకోవాలనుకోండి. దారిలో నీళ్ల కుళాయిలు ఉంటాయి, మ్యాపులో గుర్తులుంటాయి. నింపడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఆ సమయంలోనే మధ్యాహ్న భోజనం పెట్టుకోండి.

వేడినీళ్లు ఇంజిన్ వల్ల వస్తాయి. ఇంజిన్ వేడి ఒక ట్యాంకులోకి వెళ్లి నీళ్లను కాస్తుంది. అంటే మూడు గంటలు పడవ నడిపి మధ్యాహ్నం కట్టేసరికి ట్యాంకునిండా వేడినీళ్లుంటాయి. మనకు పొద్దున్నే స్నానం అలవాటు, ఆ సమయానికి అవి గోరువెచ్చగా మారతాయి, అందరికీ చాలవు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా వేరే పడవల దగ్గర ఇంజిన్ వేయకూడదనే నియమం ఉంది కాబట్టి, పొద్దున ఆరింటికి ఇంజిన్ వేసి కాచుకోవడం కుదరదు. మేము పెద్దవాళ్లం సాయంత్రం, పడవ కట్టిన వెంటనే పోసుకుంటాం. పిల్లలు పొద్దున బయలుదేరి గంట నడిచాక. మీ అమ్మగారికి పొద్దున స్నానం చేశాకే పూజ అయితే, పడవలో వేడినీళ్లకు ప్రత్యేకంగా డీజిల్ హీటర్ ఉందో లేదో అడగండి, చాలా పడవల్లో ఉంటుంది. వంటింటి నీళ్లూ స్నానం నీళ్లూ నేరుగా కాలువలోకే పోతాయి. అందుకని పచ్చళ్ల నూనె, వేపుడు నూనె ఎప్పుడూ సింకులో పోయకండి, కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయండి. ఆ నీళ్లలో బాతు పిల్లలున్నాయి.

వంట

గ్యాసు పొయ్యి ఉంటుంది, ప్రెషర్ కుక్కర్ హాయిగా పనిచేస్తుంది. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, కరెంటు కెటిల్, జుట్టు ఆరబెట్టే యంత్రం మాత్రం చాలా పడవల బ్యాటరీలు తట్టుకోవు, ఇంట్లోనే వదిలేయండి. ఇడ్లీపిండి ఇంటి దగ్గరే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుని తెచ్చుకోవచ్చు. మేము శుక్రవారానికి పులిహోర, పెరుగన్నం కలిపి తెచ్చుకుంటాం, ఎక్కిన రోజు ఎవరూ వండనక్కర్లేదు. శనివారం రాత్రికి ముద్దపప్పు, ఆవకాయ, అప్పడాలు. ఆదివారం పిల్లల కోరిక. అప్పడాలు, పూరీలు లాంటివి వేయించేది పడవ కట్టాకే. పక్క నుంచి ఇంకో పడవ వేగంగా వెళితే కట్టి ఉన్న పడవ కూడా ఒక్కసారి ఊగుతుంది. మూకుడులో నూనె సగానికి మించకుండా చూసుకోండి.

పోపు ఘాటుకు లోపల దగ్గు వస్తుందని, చలి గాలి వస్తోందని కప్పులోనూ తలుపుల్లోనూ ఉన్న గాలి రంధ్రాలకు బట్టలు కుక్కేవాళ్లను చూశాను. ఇది ప్రాణాపాయం. గ్యాసు పొయ్యి, బొగ్గు పొయ్యి ఉన్న ఇరుకు గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది. 2019 ఏప్రిల్ నుంచి దాన్ని పసిగట్టే అలారం పడవల్లో తప్పనిసరి. ఎక్కగానే బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. చలికి గ్యాసు పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకోవడం ఎప్పుడూ చేయకండి.

ఎలాంటి పడవ, పెద్దవాళ్లకు ఇబ్బందులు

ఈ పడవల వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, ఎందుకంటే చాలా లాకుల వెడల్పు 7 అడుగులే. పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. లోపల ఒకరు నిలబడితే ఇంకొకరు పక్కకు తప్పుకోవాలి. ఆరుగురికి పడక ఉన్న పడవ అంటే సోఫాలను రాత్రిపూట మంచాలుగా మార్చడం కూడా కలిపే లెక్కిస్తారు. అమ్మానాన్నకు రోజూ విప్పి పరచనక్కర్లేని స్థిరమైన మంచం ఇవ్వండి, అదీ మరుగుదొడ్డికి దగ్గరగా.

వెనక నుంచి లోపలికి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. ముందు వైపు కూర్చునే చోటు నుంచి దిగడం సాధారణంగా సులువు. పడవ వెనక భాగం ఎలా ఉందో ఫోటోల్లో చూడండి. పక్కలకు గోడలున్న వెనక భాగమైతే పిల్లలు మీ పక్కనే కూర్చుని చూడవచ్చు, పడే భయం తక్కువ. ఏ కట్టడమూ లేని విశాలమైన వెనక భాగం పెద్దల గుంపులకు బాగుంటుంది, ఆరేళ్ల పాపకు కాదు.

ఎక్కడికి వెళ్లాలి

మీకు దగ్గరలోనే మంచి దారి ఉంది. ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్ లాకు దాటాక కాస్గ్రోవ్ దాకా సుమారు 11 మైళ్లు ఒక్క లాకు కూడా లేదు. ఆ ఫెన్నీ లాకు కూడా ఒక్క అడుగే ఎత్తుతుంది, నేర్చుకోవడానికి అంతకంటే మంచిది దొరకదు. కాస్గ్రోవ్ దగ్గర 1811 నాటి ఇనుప తొట్టె వంతెన మీద పడవ గ్రేట్ ఊజ్ నదిని దాటుతుంది. ఇంకాస్త ముందుకు వెళితే స్టోక్ బ్రూర్న్. అక్కడ ఏడు లాకులు, కాలువల మ్యూజియం, పైన 2.8 కిలోమీటర్ల బ్లిస్‌వర్త్ సొరంగం. లాకుల కిందే పడవ కట్టేసి, పైకి నడిచి వెళ్లి చూసిరండి.

పూర్తిగా ప్రశాంతంగా ఉండాలంటే నేను చెప్పేది గ్రాండ్ యూనియన్ కాలువలోని లెస్టర్ శాఖ. వెల్‌ఫర్డ్ వైపు నుంచి బయలుదేరితే ఫాక్స్‌టన్ పై లాకు దాకా మూడు నాలుగు గంటలు, దారిలో పొలాలు, గొర్రెలు, కిలోమీటరు పైచిలుకు సొరంగం ఒకటి. ఊళ్లు దాదాపు కనిపించవు. ఫాక్స్‌టన్‌లో రెండు వరుసలుగా మొత్తం పది లాకులు కొండవాలు మీద మెట్లలా దిగుతాయి. పడవ పైనే కట్టేసి ఆదివారం పొద్దున అక్కడ కూర్చుంటే ఇతరుల పడవలు ఎక్కడం, దిగడం చూస్తూనే మూడు గంటలు గడిచిపోతాయి. సీజన్‌లో లాకు కాపరులుంటారు. మీ నాన్నగారికి వాళ్లతో మాటలు పెట్టిస్తే సరి.

వేల్స్‌లోని లాంగోలెన్ కాలువ గురించి అందరూ చెబుతారు, అందంలో దానికి సాటి లేదు. 1805లో తెరిచిన పోంట్‌కసిల్టే జలవంతెన లోయ మీద 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవు ఉంటుంది. 2009 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. నడకదారి వైపు కమ్మీలున్నాయి, రెండో వైపు తొట్టె అంచే తప్ప ఏమీ లేదు. అది దాటేంతసేపూ పిల్లలను లోపల కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. చర్క్ నుంచి లాంగోలెన్ దాకా లాకులు లేవు, కానీ నీళ్లు ఎదురుగా వస్తాయి, అందుకే వెళ్లేటప్పుడు అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది. చివర్లో ఒక పడవే పట్టే ఇరుకు భాగాలున్నాయి, ఒకరు గట్టు మీద ముందు నడిచి ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసి చెప్పాలి. ఆగస్టులో అక్కడ చాలా రద్దీ.

పిల్లలతో వారాంతానికి వద్దనేవి హ్యాటన్, డివైజెస్ దగ్గర కేన్ హిల్. రెండోదానిలో రెండు మైళ్లలో 29 లాకులు.

సమయం, బుకింగ్

మే, సెప్టెంబర్ నెలలు నాకు ఇష్టం. మే నెలలో గట్టంతా తెల్లపూలు, వెలుగు రాత్రి తొమ్మిదింటిదాకా. అద్దె పడవలను చీకటి పడ్డాక నడపకూడదు, కాబట్టి పొద్దు పొడవుగా ఉండటం పనికొస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా మరమ్మతుల కోసం లాకులు మూసేస్తుంటారు. ఎండలు ఎక్కువైన ఏడాది నీళ్లు లేక కూడా మూస్తారు, 2025 వేసవిలో లీడ్స్–లివర్‌పూల్ కాలువలో చాలా భాగం అలాగే మూసేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలను, నదులను చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైటులో ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఉంటుంది. బుక్ చేసేముందు ఒకసారి, బయలుదేరే రెండు రోజుల ముందు ఒకసారి చూడండి.

పడవ కట్టడం గురించి. నడకదారి ఉన్న గట్టు వైపు, బోర్డు ఏమీ లేనిచోట 14 రోజుల దాకా ఉండవచ్చు, కొన్ని మంచి చోట్ల 48 గంటలే. ఇనుప మేకును గట్టుకు ఏటవాలుగా దిగ్గొట్టి, తాడును చుట్టి మళ్లీ పడవకే తెచ్చి కట్టండి. అప్పుడు పొద్దున ఇప్పడం సులువు. తాడు నడకదారికి అడ్డంగా ఉండకూడదు, సైకిళ్లు వస్తాయి. మేకు మీద తెల్లని సంచి తొడగండి. లాకుకు మరీ దగ్గరగా, మలుపులో, వంతెన పక్కన కట్టకండి. ఆదివారం రాత్రి కంపెనీ రేవుకు గంట దూరంలోనే కట్టుకోండి, సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా అప్పగించాల్సి ఉంటుంది. పిల్లలకు ఒక మాట, బాతులకు బ్రెడ్డు వేయవద్దు, బఠాణీలు, మొక్కజొన్న గింజలు, ఓట్స్ పెట్టవచ్చు.

ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే

వేసవిలో ఒకసారి, చల్లగా వాన పడే అక్టోబర్‌లో ఒకసారి అద్దెకు తీసుకుని చూడండి. వానలో కూడా పిల్లలు దిగనంటే అప్పుడు మాట్లాడుకుందాం. మధ్యే మార్గంగా వాటాల పడవలున్నాయి. ఒక పడవను పన్నెండు మంది దాకా కలిసి కొనుక్కుని, ఏడాదికి తలా మూడు నాలుగు వారాలు పంచుకుంటారు. ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ వంతులు వారాల లెక్కన వస్తాయి, మీరు కోరుకుంటున్న శని, ఆదివారాలకు అది అంతగా కుదరదు.

సొంతంగా కొంటే పడవ ధరతో అయిపోదు. ట్రస్ట్ లైసెన్సు పెద్ద పడవకు ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. బీమా తప్పనిసరి. నాలుగేళ్లకోసారి భద్రతా తనిఖీ చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి పైకి తీసి అడుగున నల్లరంగు వేయించాలి. శీతాకాలంలో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా ఖాళీ చేయాలి. అన్నిటికంటే పెద్ద ఖర్చు పడవ కట్టుకునే చోటు, అది లైసెన్సుకంటే ఎక్కువే అవుతుంది. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. ముందు మీ ఇంటికి గంటలోపు దూరంలో చోటు దొరుకుతుందో లేదో చూసి, ఆ తర్వాత పడవ వెతకండి. శుక్రవారం సాయంత్రం రెండు గంటలు కారు నడపాల్సివస్తే నాలుగు నెలల్లో వెళ్లడం మానేస్తారు. అలా కొని అమ్మేసినవాళ్లు మా రేవులోనే ఉన్నారు. పొడవు 57 అడుగులు మించకపోతే దాదాపు అన్ని కాలువల్లోనూ తిరగవచ్చు. పడవను పైకి తీయించి, మందం కొలిచే నిపుణుడితో అడుగు పరీక్ష చేయించకుండా బయానా తప్ప ఒక్క పౌండు కూడా ఇవ్వకండి. లోపలి చెక్కపని ఎంత మెరిసినా, కొనేది కింది ఉక్కును.

మీ అమ్మగారికి మోకాళ్లు ఎలా ఉన్నాయో, మెట్లు దిగగలరో లేదో రాయండి. దాన్నిబట్టి వెల్‌ఫర్డ్ దారా, ఫెన్నీ దారా అన్నది చెప్పి, ఏ రోజు ఎక్కడ పడవ కట్టాలో, నీళ్లు ఎక్కడ నింపుకోవాలో వరుసగా రాసిస్తాను.